గుర్తించడమంటే ఆమోదించడమేనా? అమెరికా, చైనా సంబంధాలపై ఒక సందేహం

ప్రశ్న: గుంటూరు అధ్యాపకురాలు

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక డిగ్రీ కళాశాలలో రాజనీతిశాస్త్రం చెబుతాను. పోయిన వారం ప్రచ్ఛన్న యుద్ధం పాఠంలో భాగంగా, 1972 ఫిబ్రవరి 21న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ బీజింగ్ విమానాశ్రయంలో మెట్లు దిగుతూనే చేయి చాచి చైనా ప్రధాని చౌ ఎన్‌లై వైపు నడిచిన సందర్భాన్ని వివరించాను. 1954 జెనీవా సమావేశంలో అమెరికా విదేశాంగ మంత్రి డల్లెస్ అదే చౌ ఎన్‌లైతో చేయి కలపడానికి నిరాకరించారని చాలాకాలంగా చెప్పుకునే కథను, ఆ చేదును చెరిపివేయాలనే నిక్సన్ అందరికీ కనిపించేలా చేయి చాచారన్న వ్యాఖ్యానాన్ని కూడా జోడించాను.

పాఠం అయ్యాక వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి లేచి, "కమ్యూనిజాన్ని వ్యతిరేకించే పేరుమీదనే రాజకీయాల్లో పైకి వచ్చిన మనిషి కమ్యూనిస్టు ప్రభుత్వంతో చేయి కలిపితే, అన్నాళ్లూ తాను చెప్పింది తప్పని ఒప్పుకున్నట్టే కదండీ? ఒప్పుకోలేదంటారా, అయితే ఆ చేయి కలపడం నటన కావాలి కదా?" అని అడిగింది. పక్కనున్న అబ్బాయి, కురుసభకు రాయబారిగా వెళ్లినంత మాత్రాన కృష్ణుడు దుర్యోధనుడి పక్షం అయిపోయాడా అని తిరిగి అడిగాడు. తరగతి అంతా నవ్వింది గాని, ఆ అమ్మాయికి జవాబు దొరకలేదు. దేశ ప్రయోజనం, అధికార సమతుల్యత అంటూ పాఠ్యపుస్తకంలో ఉన్న రెండు మాటలు నేను చెప్పాను. అవి నాకే తృప్తినివ్వలేదు.

అందుకే పెద్దలను అడుగుతున్నాను. 1949 నుంచి మాటామంతీ లేకుండా 22 ఏళ్లు ఎడమొగం పెడమొగంగా ఉన్న రెండు ప్రభుత్వాలు ఒక్కసారిగా ఎలా మాట్లాడుకోగలిగాయి? ఒక ప్రభుత్వాన్ని గుర్తించడమంటే దాని సిద్ధాంతాన్ని ఆమోదించడమేనా? కాకపోతే ఆ తేడాను కాగితం మీద ఎలా చూపిస్తారు?


జవాబు: పాత దస్త్రాలు

అమ్మా, నమస్కారం. మీ ప్రశ్నలో "మాటామంతీ లేకుండా" అన్నచోట ముందుగా ఒక సవరణ అవసరం. 1955 ఆగస్టు 1 నుంచి 1970 ఫిబ్రవరి 20 వరకు ఈ రెండు దేశాల రాయబారులు, మొదట జెనీవాలోను, 1958 సెప్టెంబరు నుంచి పోలండ్ రాజధాని వార్సాలోను, మొత్తం 136 సార్లు ఎదురెదురుగా కూర్చున్నారు. అప్పటికి ఒకరి ప్రభుత్వాన్ని ఒకరు గుర్తించలేదు. అమెరికా లెక్కలో చైనా ప్రభుత్వమంటే తైవాన్‌లో ఉన్న చాంగ్ కై షేక్ ప్రభుత్వమే. అయినా మాటలు సాగాయి. ఈ సంగతి పాఠ్యపుస్తకాల్లో ఒక పంక్తికి మించి రాకపోవడం నన్ను చాలాకాలంగా బాధిస్తున్నది కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

1955 ఏప్రిల్‌లో ఇండోనేషియాలోని బాండుంగ్‌లో జరిగిన ఆసియా, ఆఫ్రికా దేశాల సమావేశానికి వచ్చిన చౌ ఎన్‌లై, అమెరికాతో చర్చలకు తాము సిద్ధమని అక్కడే ప్రకటించారు. మే నెలలో మన వి.కె. కృష్ణ మీనన్ బీజింగ్ వెళ్లి మాట్లాడి వచ్చాక, చైనా చెరలో ఉన్న నలుగురు అమెరికన్ వైమానికులు విడుదలయ్యారు. తరువాత జెనీవాలో అమెరికా తరఫున అలెక్సిస్ జాన్సన్, చైనా తరఫున వాంగ్ బింగ్‌నాన్ కూర్చుని, ఒక దేశంలో చిక్కుకుపోయిన మరో దేశపు పౌరులు ఇంటికి వెళ్లే విషయంపై సెప్టెంబరు 10న ఒక ప్రకటన చేశారు. రాయబార కార్యాలయాలే లేనప్పుడు ఆ పౌరుల మొర వినేవారెవరు? అమెరికాలో ఉన్న చైనీయుల బాధ్యత భారతదేశానికి, చైనాలో ఉన్న అమెరికన్ల బాధ్యత బ్రిటన్‌కు అప్పగించారు. అమెరికాలో పనిచేస్తూ ఐదేళ్లుగా కదలనివ్వకుండా ఉంచబడిన శాస్త్రవేత్త చియన్ శ్యూసెన్ ఆ నెలలోనే స్వదేశానికి ఓడ ఎక్కారు. చైనా క్షిపణి కార్యక్రమానికి ఆద్యుడు ఆయనే అయ్యారు.

ఆ 15 ఏళ్ల చర్చల్లో కుదిరిన ఒప్పందం అదొక్కటే. మిగిలినదంతా తైవాన్ దగ్గర పడిన పీటముడి. బలప్రయోగం చేయబోమని చైనా మాట ఇవ్వాలని అమెరికా పట్టుబట్టింది, తైవాన్ తమ ఇంటి వ్యవహారమని చైనా కరాఖండిగా చెప్పింది. 1956లో చైనా అమెరికన్ విలేకరులను ఆహ్వానిస్తే అమెరికా ప్రభుత్వం వెళ్లనివ్వలేదు. కొంతకాలానికి అమెరికాయే ఆ మాట ఎత్తితే చైనా ఒప్పుకోలేదు. పైపైన చూస్తే ఇదంతా వృథా ప్రయాస అనిపిస్తుంది.

అయితే 1962 జూన్‌ను చూడండి. చైనా తిండిలేక అల్లాడిన సంవత్సరాలు అప్పుడే ముగుస్తున్నాయి. ఆ అదను చూసుకుని చాంగ్ కై షేక్ ప్రధాన భూభాగంపై దాడికి దిగుతారని, ఆయన వెనుక అమెరికా ఉంటుందని బీజింగ్ నిజంగానే భయపడి, తైవాన్‌కు ఎదురుగా ఉన్న తీరానికి సైన్యాన్ని తరలించింది. జూన్ 23న వార్సాలో అమెరికా రాయబారి కాబట్ వాంగ్ బింగ్‌నాన్‌తో, అటువంటి దాడికి తమ మద్దతు లేదని నేరుగా చెప్పారు. ఒప్పందమూ లేదు, సంతకాలూ లేవు. ఒక గదిలో ఒక మనిషి మరో మనిషితో అన్న మాట వల్ల యుద్ధభయం తగ్గింది. రెండు ప్రభుత్వాల సిద్ధాంతాల్లో అప్పటికి వెంట్రుకవాసి మార్పు కూడా లేదన్నది మీ విద్యార్థినికి చెప్పదగిన సంగతి.

1969 మార్చిలో సరిహద్దున ఉన్న ఉసురి నదిలోని ఒక చిన్న దీవి కోసం చైనా, సోవియట్ సైనికులు ఒకరినొకరు కాల్చుకున్నారు. ఒకే ఎర్రజెండా కింద ఉన్న ఇద్దరి మధ్యే నెత్తురు పారింది. బీజింగ్ చూపు అప్పుడు మారింది. వియత్నాం నుంచి బయటపడే దారి వెతుకుతున్న నిక్సన్ చూపు అంతకు ముందే అటువైపు తిరిగి ఉంది. కాని వార్సా చర్చలు అప్పటికి ఆగిపోయి ఉన్నాయి, మళ్లీ ఎలా మొదలుపెట్టాలో ఎవరికీ తెలియదు. 1969 డిసెంబరు 3న వార్సాలోని సంస్కృతి భవనంలో యుగోస్లావియా వారు దుస్తుల ప్రదర్శన ఒకటి ఏర్పాటు చేశారు. చైనా దౌత్యవేత్తలు కనిపిస్తే ఎలాగైనా పలకరించమని ఆదేశాలు అందుకున్న అమెరికా రాయబారి వాల్టర్ స్టోసెల్ అక్కడే ఉన్నారు. ప్రదర్శన ముగియగానే ఆయన తమవైపు రావడం చూసిన చైనీయులు గబగబా బయటికి నడిచారు. రాయబారి హోదాలో ఉన్న మనిషి వారి వెంటపడి, చైనా దుబాసీని పట్టుకుని, తమ అధ్యక్షుడు చైనాతో గంభీరమైన చర్చలు కోరుతున్నారని పోలిష్ భాషలో చెప్పారు. మూడో దేశపు రాజధానిలో, నాలుగో దేశం పెట్టిన వేడుకలో, ఇద్దరికీ సొంతం కాని భాషలో ఆ మాట చేరింది. కొద్ది రోజుల్లోనే చైనా ప్రతినిధి లెయ్ యాంగ్ స్టోసెల్‌ను తమ కార్యాలయానికి ఆహ్వానించారు, జనవరిలో చర్చలు తిరిగి మొదలయ్యాయి.


జవాబు: మాటల మూట

పై జవాబు చదివి చాలా నేర్చుకున్నాను. మీ రెండో ప్రశ్నకు నేను ప్రయత్నిస్తాను, ఎందుకంటే సగం చిక్కు మన తెలుగు మాటలోనే ఉందని నా నమ్మకం.

"గుర్తించు" అన్న క్రియను మనం మూడు పనులకు వాడతాం. సంతలో చిన్ననాటి స్నేహితుణ్ణి గుర్తిస్తాం, లెక్కలో తప్పును గుర్తిస్తాం, ఒక ప్రభుత్వాన్ని గుర్తిస్తాం. మొదటిది ఆనవాలు పట్టడం, రెండోది ఉన్నదని గమనించడం, మూడోది అధికారికంగా అంగీకరించి వ్యవహారం నడపడం. మూడింటికీ ఒకే మాట కావడంతో, మూడో పనిలో మెచ్చుకోలు కూడా కలిసి ఉందని మనకు అనిపిస్తుంది. కొత్త చైనాను గుర్తించాలా వద్దా అని బ్రిటన్ తర్కించుకుంటున్న 1949 నవంబరులో, అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న చర్చిల్, దౌత్య సంబంధాలు పెట్టుకునేది ఎదుటివారిని పొగడడానికి కాదని, మన పని సులువు కావడానికేనని కామన్స్ సభలో చెప్పారు. కమ్యూనిజాన్ని ఆయనకంటే గట్టిగా వ్యతిరేకించిన బ్రిటిష్ నాయకుడు దొరకడం కష్టం. బ్రిటన్ 1950 జనవరి 6న చైనాను గుర్తించింది. మన దేశం అంతకు వారం ముందే, 1949 డిసెంబరు 30న గుర్తించింది.

అమెరికాలో వేరొక సంప్రదాయం బలంగా ఉండేది. 1913లో మెక్సికోలో కుట్రతో అధికారానికి వచ్చిన హుయెర్తా ప్రభుత్వాన్ని గుర్తించడానికి ఉడ్రో విల్సన్ నిరాకరించారు. నైతికంగా సమ్మతం కాని ప్రభుత్వానికి గుర్తింపు ఇవ్వరాదన్నది ఆయన అభిప్రాయం. అదే వాదనతో 1917 నుంచి సోవియట్ రష్యాను, 1949 నుంచి చైనాను అమెరికా పక్కన పెట్టింది. అంటే మీ విద్యార్థిని అనుకున్నది ఆమె ఒక్కర్తి ఊహ కాదు, ఒక పెద్ద దేశం దశాబ్దాలపాటు అధికారికంగా నమ్మిన మాట. ఆ అమ్మాయిని నేను అభినందిస్తాను.

ఇక కాగితం మీద తేడా ఎలా చూపిస్తారన్నారు. దానికి 1972 ఫిబ్రవరి చివర వెలువడిన షాంఘై ప్రకటనను మించిన ఉదాహరణ నాకు తెలియదు. 1971 అక్టోబరులో నిక్సన్ జాతీయ భద్రతా సలహాదారు కిసింజర్ తన రెండో చైనా పర్యటనకు ఒక ముసాయిదా తీసుకువెళ్లారు. భేదాలు కప్పిపుచ్చి, శాంతి, మైత్రి, సహకారం అంటూ సాగే మామూలు దౌత్య భాష అందులో ఉంది. మావోతో మాట్లాడి వచ్చిన చౌ ఎన్‌లై దాన్ని ఒప్పుకోలేదు. ఇన్నేళ్లు కొట్టుకున్నవాళ్లం ఇప్పుడు అన్నిటా ఏకీభవిస్తున్నామంటే ఎవరూ నమ్మరని, ఎవరి మాట వారు విడివిడిగా రాసుకుందామని ప్రతిపాదించారు. మొదట ఉలిక్కిపడిన కిసింజర్, ఆలోచించిన మీదట అందులోని మేలు చూశారు. అలా తయారైన ప్రకటనలో "అమెరికా పక్షం ఇలా చెప్పింది" అని ఒక భాగం, "చైనా పక్షం ఇలా చెప్పింది" అని మరో భాగం ఉంటాయి. వ్యక్తి స్వేచ్ఛ గురించి అమెరికా రాసుకుంది, దేశాలు స్వాతంత్ర్యం, జాతులు విముక్తి, ప్రజలు విప్లవం కోరుకుంటున్నారని చైనా రాసుకుంది. తమ సామాజిక వ్యవస్థల్లోను విదేశాంగ విధానాల్లోను మౌలికమైన తేడాలున్నాయని ఇద్దరూ కలిసి రాసిన తరువాతే ఉమ్మడి మాటలు మొదలవుతాయి. ఆ ఉమ్మడి మాటలు చదివితే మనవాళ్లకు ఒక ఆశ్చర్యం కలుగుతుంది. సార్వభౌమత్వాన్ని గౌరవించడం, దురాక్రమణకు దిగకపోవడం, ఒకరి అంతర్గత వ్యవహారాల్లో మరొకరు తలదూర్చకపోవడం, సమానత్వం, శాంతియుత సహజీవనం అన్నవి 1954లో భారత, చైనాలు సంతకం చేసిన పంచశీల సూత్రాలే.

అన్నిటికంటే కష్టమైన తైవాన్ దగ్గర ఒక్క క్రియాపదం మీద అంతా నిలబడింది. తైవాన్ జలసంధికి రెండు వైపులా ఉన్న చైనీయులందరూ చైనా ఒక్కటేనని, తైవాన్ అందులో భాగమని అంటున్నారన్న సంగతి తమ ఎరుకలో ఉందని, ఆ వైఖరిని తాము సవాలు చేయబోమని అమెరికా రాసింది. అది నిజమని తాను ఎక్కడా అనలేదు. అలా అంటున్నవారు ఉన్నారని మాత్రమే అంది. 1972 చైనా పాఠంలో "అక్‌నాలెడ్జ్" అన్న ఆ ఆంగ్ల క్రియకు "తెలిసి ఉంది" అనే అర్థమిచ్చే "రెన్‌షి" అన్న మాట వాడారు. 1979లో పూర్తి సంబంధాలు ఏర్పడినప్పుడు ఆంగ్ల క్రియ మారలేదు గాని, చైనా పాఠంలో "అంగీకరించు" అనే అర్థం వచ్చే "చెంగ్‌రెన్" వచ్చి చేరింది. తమకు ఆంగ్ల పాఠమే ప్రామాణికమని అమెరికా ప్రభుత్వం చెబుతూ వచ్చింది. మన పత్రికలు రెండింటినీ కలిపి "ఒకే చైనా విధానాన్ని అమెరికా గుర్తించింది" అని రాసేస్తాయి. ఆ "గుర్తించింది" మొదటిదా, రెండోదా, మూడోదా అని తరగతిలో అడిగి చూడండి.


జవాబు: ఖరగ్‌పూర్ వాసి

ఇద్దరు పెద్దలు చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి నాకేమీ లేదు. ఇద్దరూ వదిలేసిన ఒక పుట మాత్రం ఉంది, దాన్ని నేను చూస్తూ పెరిగాను.

మా నాన్నగారు రైల్వే ఉద్యోగి. ఖరగ్‌పూర్‌లో మావంటి తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. 1971లో నాకు పదేళ్లు. ఆ ఏడాది వేసవిలో స్టేషన్‌కు వెళ్తే, ప్లాట్‌ఫారం మీద చాపలు పరుచుకుని, ఒక ఇత్తడి బిందె, ఒక మూట మాత్రమే మిగిలిన కుటుంబాలు వరసగా కనిపించేవి. మా అమ్మ ఇంట్లో అన్నం వండి, అరిటాకుల్లో కట్టి పంపేది. ఆ నవంబరు నుంచి ప్రతి ఉత్తరం మీద మామూలు బిళ్లతో పాటు శరణార్థుల సహాయం కోసం ఇంకో 5 పైసల బిళ్ల అంటించాల్సి వచ్చింది. ఆంధ్రలోని మా తాతగారికి నేను రాసిన ఉత్తరాల మీద కూడా అది ఉండేది. తూర్పు బెంగాల్ నుంచి దాదాపు కోటిమంది మన దేశంలోకి వచ్చిన సంవత్సరం అది.

వారిని తరిమిన పాకిస్తాన్ సైనిక పాలకుడు యాహ్యా ఖాన్. నిక్సన్‌కు, చైనాకు మధ్య ఉత్తరాలు మోసిన మనిషి కూడా ఆయనే. ఆ సంబంధం యాదృచ్ఛికం కాదు. మార్చి 25 రాత్రి ఢాకాలో సైన్యం విరుచుకుపడింది. అక్కడి అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ ఏప్రిల్ 6న, 20 మంది అమెరికన్ ఉద్యోగుల సంతకాలతో తమ ప్రభుత్వ మౌనాన్ని ఖండిస్తూ వాషింగ్టన్‌కు తంతి పంపారు. ఆ నెలాఖరున నిక్సన్, ఈ సమయంలో యాహ్యాను ఇబ్బంది పెట్టవద్దని తన సిబ్బందికి స్వదస్తూరితో రాశారు. జూలై మొదటి వారంలో కిసింజర్ ఢిల్లీ వచ్చి ఇందిరా గాంధీని కలిశారు. అక్కడినుంచి పాకిస్తాన్ వెళ్లి, కడుపునొప్పి వచ్చిందని, నథియాగలీలో విశ్రాంతి తీసుకుంటున్నానని లోకాన్ని నమ్మించి, జూలై 9 తెల్లవారుజామున రావల్పిండి సమీపంలోని చక్లాలా నుంచి పాకిస్తాన్ విమానంలో బీజింగ్ చేరారు. జూలై 15న నిక్సన్ టెలివిజన్‌లో ప్రకటించేదాకా మన ప్రభుత్వానికి ఆ సంగతి తెలియదు.

ఆగస్టు 9న ఢిల్లీలో మన విదేశాంగ మంత్రి స్వరణ్ సింగ్, సోవియట్ విదేశాంగ మంత్రి గ్రొమికో 20 ఏళ్ల మైత్రీ ఒప్పందంపై సంతకాలు చేశారు. ఆ డిసెంబరులో భారత, పాకిస్తాన్ యుద్ధం వచ్చినప్పుడు ఎవరు ఎవరి పక్షాన నిలిచారో చూడండి. ప్రజాస్వామ్యమైన భారతదేశం సోవియట్ యూనియన్ పక్కన, ప్రజాస్వామ్యమైన అమెరికా ఒక సైనిక నియంత పక్కన, మావో చైనా పక్కన నిలిచాయి. అమెరికా ఎంటర్‌ప్రైజ్ యుద్ధనౌకను బంగాళాఖాతానికి పంపింది. సిద్ధాంతాన్ని పక్కన పెట్టి మాట్లాడుకోవడం మంచిదే. కాని పక్కన పెట్టిన ఆ సిద్ధాంతంలో ఢాకా విద్యార్థుల ప్రాణాలు కూడా ఉన్నాయి.

మాటల మూట గారు షాంఘై ప్రకటనలో పంచశీల ఉందన్నారు. నిజమే. అదే ప్రకటనలో చైనా తన భాగంలో, జమ్మూ కశ్మీర్ ప్రజల స్వయం నిర్ణయ పోరాటాన్ని సమర్థిస్తున్నట్టు రాసుకుంది. ఎవరి మాట వారు రాసుకునే పద్ధతిలో మూడోవారి మీద ఎవరేమి రాసినా రెండోవారికి అభ్యంతరం ఉండదు. కొత్తగా పుట్టిన బంగ్లాదేశ్ ఐక్యరాజ్యసమితిలో చేరకుండా 1972 ఆగస్టులో చైనా భద్రతా మండలిలో వీటో వేసింది. అంతకు ముందు ఏడాది అక్టోబరు 25న, 76 ఓట్లకు 35 ఓట్లతో తైవాన్ స్థానంలో సమితిలో అడుగుపెట్టిన చైనా వేసిన మొట్టమొదటి వీటో అదే. ఇరవై రెండేళ్లు గుర్తింపు కోసం గడప బయట నిలబడిన దేశం, గడప లోపలికి రాగానే మరొకరిని బయట నిలబెట్టింది. అమ్మా, ఆ విమానాశ్రయపు కరచాలనం గురించి చెప్పేటప్పుడు మీ విద్యార్థులకు ఈ సంగతి కూడా చెప్పండి.


గుంటూరు అధ్యాపకురాలు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఖరగ్‌పూర్ వాసి గారు, మీరు రాసింది నిన్న తరగతిలో చదివి వినిపించాను. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. 5 పైసల బిళ్ల తమ తాతగారి పాత ఉత్తరాల కట్టలో ఉందని ఒక అబ్బాయి ఈ రోజు తెచ్చి చూపించాడు.

మొదట ప్రశ్న అడిగిన అమ్మాయి ఇప్పుడు ఇంకొకటి అడుగుతోంది. చైనాతో సంబంధమే వద్దనుకున్న అమెరికా, అంతకంటే ప్రమాదకరమైన సోవియట్ యూనియన్‌తో ప్రచ్ఛన్న యుద్ధమంతటా రాయబారులను ఎందుకు ఉంచుకుంది? అణ్వాయుధాల భయమే కారణమా?


జవాబు: పాత దస్త్రాలు

భయం తరువాత వచ్చింది. సోవియట్ ప్రభుత్వాన్ని అమెరికా 16 ఏళ్లు గుర్తించకుండా ఉండి, 1933 నవంబరు 16న గుర్తించింది. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, సోవియట్ విదేశాంగ మంత్రి లిత్వినోవ్ లేఖలు మార్చుకుని ఆ పని ముగించారు. ఆర్థిక మాంద్యంలో సరుకు అమ్ముకునే మార్కెట్, మంచూరియాను ఆక్రమించిన జపాన్ మీద ఉమ్మడి ఆందోళన అప్పటి కారణాలు. అమెరికాలో తమ సిద్ధాంత ప్రచారం చేయబోమని లిత్వినోవ్ ఇచ్చిన మాట రెండేళ్లకే తప్పిపోయింది, అమెరికా నిరసన తెలిపింది, రాయబారి మాత్రం అక్కడే ఉన్నారు. 1952లో అమెరికా రాయబారి కెన్నన్, మాస్కోలో తమ జీవితం హిట్లర్ జర్మనీలో తాను నిర్బంధంలో గడిపిన రోజుల్లా ఉందని అన్నందుకు సోవియట్ ప్రభుత్వం ఆయనను మళ్లీ రానివ్వలేదు. రాయబారి పోయినా కార్యాలయం మూతపడలేదు, ఆ తరువాత మరొక రాయబారి వెళ్లారు. ఒకసారి తెరిచిన తలుపును మూయడానికి పెద్ద కారణం కావాలి. మూసిన తలుపును తెరవడానికి అంతకంటే పెద్ద కారణం కావాలి. చైనా విషయంలో కొరియా యుద్ధం ఆ తలుపును తెరవకముందే బిగించేసింది.

తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన మాట వేగంగా చేరుతుందనుకోవద్దు. 1962 అక్టోబరులో క్యూబా క్షిపణుల సంక్షోభం నడుస్తుండగా, వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబారి దొబ్రీనిన్ మాస్కోకు పంపే రహస్య సందేశాలను సంకేత లిపిలో రాసి ఇస్తే, వెస్టర్న్ యూనియన్ తంతి కార్యాలయం కుర్రవాడు సైకిల్ మీద వచ్చి తీసుకువెళ్లేవాడు. అమెరికా అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెనెడీ అక్టోబరు 27 రాత్రి, టర్కీలోని అమెరికన్ క్షిపణులను కొన్ని నెలల్లో తొలగిస్తామని రహస్యంగా ఇచ్చిన మాట కూడా దొబ్రీనిన్ ద్వారానే సోవియట్ నాయకుడు క్రుష్చేవ్‌కు చేరింది. ప్రపంచం బతికి బట్టకట్టాలంటే ఆ సైకిల్ దారిలో పంక్చరు కాకూడదు. అందుకే 1963 జూన్ 20న జెనీవాలో ఒప్పందం చేసుకుని, ఆగస్టు 30 నుంచి రెండు రాజధానుల మధ్య నేరు తంతి మార్గం నడిపారు. అందరూ ఎర్ర టెలిఫోన్ అంటారు గాని, అక్కడ ఉన్నవి టెలిప్రింటర్లు. మాటలో తొందరపాటు, అనువాదంలో పొరపాటు దొర్లకూడదని రాతనే ఎంచుకున్నారు. అమెరికా ఆంగ్లంలో, సోవియట్ యూనియన్ రష్యన్‌లో పంపాలి కనుక, ఎదుటివారి లిపి అచ్చయ్యే యంత్రాలను ఒకరికొకరు ఇచ్చుకున్నారు. 1967లో అరబ్, ఇజ్రాయెల్ యుద్ధం మొదలైన ఉదయం సోవియట్ ప్రధాని కొసిగిన్ పంపిన సందేశంతో ఆ మార్గం తొలిసారి నిజమైన పరీక్షకు నిలిచింది.

మన దేశపు అనుభవం ఈ రెండు పద్ధతులకూ మధ్యన ఉంది. 1962 యుద్ధం తరువాత కూడా భారత, చైనాలు సంబంధాలు తెంచుకోలేదు. రాయబారులు లేకుండా కింది స్థాయి ప్రతినిధులతోనే 1976లో కె.ఆర్. నారాయణన్ రాయబారిగా వెళ్లేవరకు నెట్టుకొచ్చాయి. ఆ తరువాత పి.వి. నరసింహారావు గారు ప్రధానిగా బీజింగ్ వెళ్లినప్పుడు, 1993 సెప్టెంబరు 7న, వాస్తవాధీన రేఖ వెంట ప్రశాంతత కాపాడే ఒప్పందం కుదిరింది. దాని ఆరో అధికరణాన్ని మీ తరగతిలో షాంఘై ప్రకటన పక్కన పెట్టి చదివించండి. ఈ ఒప్పందంలో ఆ రేఖ ప్రస్తావన వచ్చినంత మాత్రాన సరిహద్దు ప్రశ్నపై ఏ పక్షం వైఖరికీ భంగం కలగదని అందులో ఉంది. మాటల మూట గారు చెప్పిన రెండో అర్థంలో రేఖను గుర్తించి, మూడో అర్థంలో గుర్తించకుండా ఉంచిన వాక్యం అది. ఆ రేఖ ఎక్కడుందో చూపే పటాలను రెండు పక్షాలూ పూర్తిగా ఇచ్చిపుచ్చుకోవడం ఈనాటికీ జరగలేదు.